ఏడో ప్రశ్న

ఉత్తరం ఫిబ్రవరిలో వచ్చింది,
యార్డు నిండా టిక్కీలు దిగుతున్న వారంలో.
ఒక్క పేజీ, మూడు సంతకాలు.
"వచ్చే ఏప్రిల్ నుంచి గ్రాంటు కొనసాగదు."
రాహేలమ్మ నాతో రెండుసార్లు చదివించుకుని
మడిచి పాలడబ్బా కింద పెట్టింది,
ఎగిరిపోకుండా.

చుట్టుగుంట దాటాక, కోల్డ్ స్టోరేజీ గోడకి ఆనుకుని
మా రెండు గదులు.
ముప్పై నాలుగు మంది పిల్లలు. పదకొండు చీర ఉయ్యాలలు.
గాలి అటు తిరిగితే అందరికీ ఒకేసారి తుమ్ములు,
తర్వాత అందరికీ ఒకేసారి నవ్వులు.

తల్లులు మిరపకాయల తొడిమలు తీస్తారు.
మధ్యాహ్నం పాలివ్వడానికి పరుగెత్తుకొచ్చి
గుమ్మంలోనే ఆగిపోతారు.
మజ్జిగ బకెట్లో మోచేతుల దాకా ముంచి
కొబ్బరినూనె రుద్ది, సబ్బు పెట్టి కడిగి,
అప్పుడు కూడా వేళ్ళు తగలనివ్వకుండా
మణికట్లతో ఎత్తుకుంటారు బిడ్డని,
వేడి గిన్నె దించినట్టు.

ఆ మజ్జిగని నేను 'ఇతరములు' కింద రాస్తాను.
పదహారేళ్ళుగా ఏ ఆడిటరూ అడగలేదు.

హైదరాబాదులో ఒక ట్రస్టు ఉందని తెలిసింది.
సర్కారు చెయ్యి వదిలేసిన సంస్థలకి
కొత్త పరిస్థితికి అలవాటు పడడానికి
పద్దెనిమిది నెలలు సాయం చేస్తుందట.
ఇరవై రెండు పేజీల దరఖాస్తు.
రాత్రిళ్ళు నేను చదువుతుంటే, చింతపండు పిక్క తీస్తూ రాహేలమ్మ.

'మీ దార్శనికత ఏమిటి?'
"శుక్లం ఆపరేషన్ అయిందని రాయి."
'లబ్ధిదారుల సంఖ్య?'
"బిడ్డల్నా, తల్లుల్నా, సందు చివర కుక్కనీ కలపాలా?"
నేను నవ్వి, కింద చిన్న అక్షరాలు చదివాను.
ఈ నిధిని బియ్యానికి, పాలకి, జీతాలకి వాడరాదు.
శిక్షణకి, ప్రణాళికకి, విరాళాలు సేకరించే నేర్పుకి మాత్రమే.
ఆమె చెయ్యి ఆగింది.
"అంటే వానలో నిలబెట్టి గొడుగు కుట్టడం నేర్పుతారు.
మంచిదే.
గుడ్డ ఎవరిస్తారో కనుక్కో."

ఏడో ప్రశ్న దగ్గర నా పెన్ను నిలిచిపోయింది.
'మా నిధి ముగిసిన తర్వాత మీరు ఎలా కొనసాగుతారు?
రెండు వందల యాభై పదాలు మించరాదు.'
ఎదురుగా నాగూర్‌బీ మనవడు
నిద్రలో ఏదో నములుతున్నాడు.
గ్రేడింగు బల్ల మీద పరిచినట్టుంది మమ్మల్ని,
మేలు కాయో, తాలు కాయో
మేమే చెప్పుకోవాలట.

సంగతి యార్డులో తెలిసిపోయింది, ఎలాగో.
శనివారం కూలి పంచేటప్పుడు ఖాశింబీ కొంగు పరిచింది,
టిక్కీకి రూపాయి.
రెండొందల పది వచ్చాయి.
అన్నీ చిల్లర, అన్నీ ఘాటు.
లెక్కపెడుతుంటే కళ్ళు మండాయి,
కారం వల్లేనని చెప్పాను.
పాలకి పెడితే ఒక్క పూట.
మజ్జిగకైతే వారమంతా.

దరఖాస్తు పంపడానికి ఏటుకూరు రోడ్డులో నెట్ సెంటరుకి వెళ్ళాను.
'ఇతరములు' అని కొడితే యంత్రం ఒప్పుకోలేదు,
ఎర్రగా, వివరం ఇవ్వండి అంది.
పదహారేళ్ళ తర్వాత మొదటిసారి
దానికో వరుస ఇచ్చాను:
మజ్జిగ. తల్లుల చేతులకి.
ఖర్చు భరించేది: తల్లులు.
ఏడో ప్రశ్నకి కూడా అదే రాశాను.
నలభై పదాలు కాలేదు.
మిగతా రెండు వందల పదీ
ఎవరైనా నేర్పుతారేమో చూడాలి.

ఏప్రిల్ రెండో వారం ఫోను.
చిన్నగొంతు అమ్మాయి, మర్యాదగా,
"అంతా బాగుంది మేడమ్,
ఈ మజ్జిగ ఒక్కటే అర్థం కాలేదు.
ఇది శిక్షణ కిందకి వస్తుందా?"

రాహేలమ్మ ఫోను లాక్కుంది.
"నువ్వే రా అమ్మా.
యార్డుకి వేసవి సెలవులు ఇవ్వకముందే రా.
ఓ గంట కూర్చుని తొడిమలు తియ్యి.
ఆ తర్వాత
ఒక బిడ్డనెత్తుకోమంటాను."

అటు నుంచి కాసేపు ఏమీ వినిపించలేదు.
తర్వాత, కాగితం తిప్పిన చప్పుడు,
"బస్సు దిగాక ఎటు రావాలండీ?"